సప్తగిరిలో పాఠం, మామిడి మండీలో పిల్లలు

2020 మార్చి 19న ఆంధ్రప్రదేశ్‌లో కోవిడ్ వల్ల బడులకు సెలవులిచ్చినప్పుడు నెలాఖరు దాకానేనన్నారు. పిల్లలు ఎగురుకుంటూ ఇళ్లకు పోయారు. వారం తిరక్కుండానే దేశమంతా లాక్‌డౌన్ పడింది. తొమ్మిది, పది తరగతులవాళ్లు మళ్లీ బెంచీల మీద కూచున్నది నవంబరు 2న. ఒకటి నుంచి ఐదు దాకా చదివే చిన్నపిల్లలకు 2021 ఫిబ్రవరి 1 వరకు బడి గుమ్మం తొక్కే యోగం లేకపోయింది. ఆ ముచ్చటా మూడు నెలలు నిండలేదు. సెకండ్ వేవ్ ముదిరి, ఏప్రిల్ 20 నుంచి ఒకటి నుంచి తొమ్మిది తరగతులకు మళ్లీ తాళం పడింది. దాన్ని తీసింది ఆగస్టు 16న.

ఈ ఏడాదిన్నరలో చదువు ఆగలేదని, ఇంటికే వచ్చిందని అధికారుల నివేదికలు చెప్పాయి. ఏం వచ్చింది, ఏమీ రాలేదని తల్లిదండ్రులు అన్నారు. రెండింటిలోనూ కొంత నిజముంది. అప్పటి వేడి చల్లారింది, సర్వేలు వచ్చాయి, పరీక్షల ఫలితాలు వచ్చాయి, పక్క రాష్ట్రాల అనుభవం కూడా చేతికందింది కాబట్టి ఇప్పుడు మొత్తాన్ని ఒకసారి తిరగేసి చూడొచ్చు. చూస్తే నాకు తోచింది ఇది: మన చర్చంతా ఫోను చుట్టూ తిరిగింది. ఎంతమందికి ఉంది, ఎంతమందికి లేదు, ఎవరు కొనివ్వాలి అన్నదే గొడవ. పిల్లవాడి పక్కన కూచుని ‘ఏదీ, చదువు చూద్దాం’ అనే మనిషి ఎవరన్న ప్రశ్న ఎవరూ గట్టిగా అడగలేదు.

విజయవాడ టీవీ స్టూడియోలోంచి కాకుండా చిత్తూరు జిల్లా బంగారుపాళ్యం లాంటి మండలంలో నిలబడి చూస్తే ఈ సంగతి తేటగా కనిపిస్తుంది. చిత్తూరు నుంచి పలమనేరు మీదుగా బెంగళూరు వెళ్లే పెద్ద రోడ్డు మీద ఊరు. ఒక పక్క మొగిలి ఘాటు, కౌండిన్య అడవులు, పంటల మీద పడే ఏనుగులు. ఇంకో పక్క నాలుగడుగులు వేస్తే తమిళనాడు. బయటివాళ్లకు బంగారుపాళ్యం అంటే మామిడి మార్కెట్టు. మే నెలాఖరు నుంచి జూలై దాకా తోతాపురి కాయతో ట్రాక్టర్లు వరస కడతాయి, గుజ్జు ఫ్యాక్టరీలు రాత్రింబవళ్లు నడుస్తాయి. మిగతా ఏడాది పాలు, టమాట, చెనిక్కాయ, కూలి. రోడ్డు పక్క ఊళ్లకు ఫోను సిగ్నల్ బాగానే ఉంటుంది. అడవి అంచు పల్లెలకు పోయేకొద్దీ మిద్దె ఎక్కి వెతుక్కోవాలి.

రోగం ఈ జిల్లాకు దూరపు వార్తగా రాలేదు. తొలి వారాల్లోనే, అప్పట్లో ఈ జిల్లాలో ఉన్న శ్రీకాళహస్తి రెడ్‌జోన్ అయింది. మే నెలలో చెన్నై కోయంబేడు మార్కెట్టులో కేసులు బయటపడగానే, అక్కడికి కూరగాయలు తోలే పడమటి మండలాలకు వణుకు పుట్టింది. వి.కోట లాంటి చోట్ల కోయంబేడు వెళ్లొచ్చినవాళ్ల నుంచి కేసులు వచ్చాయి. లారీ ఎక్కిన డ్రైవరు, మండీలో కాయ దింపిన కూలీ ఎవరో ఒక పిల్లవాడికి నాన్నో మామో. అందుకని బడులు మూయడం తప్పన్నవాళ్లు అప్పట్లో ఇక్కడ లేరు. మూయడాన్ని ఈ వ్యాసమూ తప్పుపట్టదు. ఆ తర్వాత ఏం చేశారన్నదే విషయం.

ప్రభుత్వం చేతులు ముడుచుకుని కూచోలేదు, ఆ మాట ముందు చెప్పాలి. పదో తరగతి పిల్లలకు పరీక్షలు వాయిదా పడ్డ రోజుల్లోనే దూరదర్శన్ సప్తగిరిలో ‘విద్యామృతం’, ఆకాశవాణిలో ‘విద్యాకలశం’ మొదలయ్యాయి. 2020 జూన్ 10 నుంచి మిగతా తరగతులకు ‘విద్యావారధి’ పేరుతో సప్తగిరిలోనే బ్రిడ్జి కోర్సు పాఠాలు వచ్చాయి. తర్వాత పిల్లల్ని మూడు రకాలుగా విడదీశారు. స్మార్ట్‌ఫోనో కంప్యూటరో ఉన్న ఇళ్లు హైటెక్, టీవీయో రేడియోనో ఉన్నవి లోటెక్, ఏదీ లేనివి నోటెక్. మొదటి రకానికి వాట్సాప్, రెండో రకానికి సప్తగిరి, మూడో రకానికి వర్క్‌షీట్లు. తెలంగాణ కాస్త ఆలస్యంగా, సెప్టెంబరు 1 నుంచి, టీశాట్‌తోనూ దూరదర్శన్ యాదగిరితోనూ ఇదే దారి పట్టింది. కేరళ జూన్ 1నే టీవీ పాఠాలకు ‘ఫస్ట్ బెల్’ మోగించింది. కేంద్రం ‘తరగతికో చానెల్’ అంది.

మూడు రకాలుగా విడదీయడం తెలివైన పనే. ఫోను లేని పిల్లవాడు ఉన్నాడని ఒప్పుకోవడమే అప్పటికి పెద్ద విషయం. ప్రైవేటు బడులు చాలావరకు ఆ మాత్రం కూడా ఒప్పుకోలేదు. లింకు పంపాం, చేరనివాడి ఖర్మ అన్నట్టు నడిపాయి. అయితే ఈ విభజన ఇంట్లో ఉన్న వస్తువును బట్టి జరిగింది. ఆ వస్తువు ఎవరి చేతిలో, ఏ వేళకు ఉంటుందన్నది ఏ ఫారంలోనూ లేదు.

ఒక ఇల్లు తీసుకుందాం. మండలంలో ఏ పల్లెలోనైనా దొరికే ఇల్లే. ఎనిమిదిలో ఒకడు, ఐదులో ఒకతె, రెండులో ఒకడు. స్మార్ట్‌ఫోను ఉంది కాబట్టి కాగితం మీద ముగ్గురూ హైటెక్. ఆ ఫోను పొద్దున ఐదున్నరకు నాన్న జేబులో పాలకేంద్రానికి పోతుంది. అక్కణ్నుంచి అటే తోటకో మండీకో వెళ్లి, చీకటిపడ్డాక చార్జింగ్ అయిపోయి ఇంటికొస్తుంది. అప్పుడు తెరిస్తే మూడు తరగతుల గ్రూపుల్లో కలిపి నలభై మెసేజీలు. వాటిలో సగం పిల్లలు పెట్టిన ‘ఎస్ సార్’లు, నాలుగు గుడ్‌మార్నింగ్ పూలు, ఒక యూట్యూబ్ లింకు, ఒక నోటుబుక్ పేజీ ఫొటో. ఆ పేజీని చూసి రాయాలి, రాసినదాన్ని ఫొటో తీసి పంపాలి. బల్బు వెలుతురులో తీసిన ఫొటో మసగ్గా ఉంటుంది. అవతల టీచరు దానికి ఒక బొటనవేలి గుర్తు పెడతారు. పెద్దవాడు రాసింది చిన్నవాడి పేరుతో వెళ్లినా తెలిసే దారి లేదు. రోజుకు ఒకటిన్నర జీబీ రీఛార్జ్ రాత్రికే మిగిలుంటుంది గనక సినిమా పాటలకూ ఆటలకూ అప్పుడే తీరిక. చదువు ఇలా జరిగిందంటే జరిగింది.

టీవీ సంగతి ఇంకొంచెం నయం. పాత పెట్టె అయినా పల్లెల్లో టీవీ లేని ఇల్లు తక్కువ. సప్తగిరిలో పాఠాలు చెప్పినవాళ్లలో మంచి టీచర్లున్నారు, బొమ్మలూ బోర్డూ శుభ్రంగానే ఉండేవి. చిక్కు రెండుచోట్ల వచ్చింది. ఒకటి, పాఠం ఒకటీ రెండు తరగతుల పిల్లలందరికీ ఒకటే. కూడిక వచ్చినవాడికీ అంకె గుర్తుపట్టనివాడికీ అదే అరగంట. అడగడానికి లేదు, ఆపడానికి లేదు. రెండోది భాష. చిత్తూరు జిల్లాలో తమిళ మీడియం బడులున్నాయి, ఉర్దూ మీడియం బడులున్నాయి. సరిహద్దు పల్లెల్లో ఇంట తమిళం, బయట తెలుగు, పుస్తకంలో ఇంగ్లీషు మధ్య తిరిగే పిల్లలున్నారు. వాళ్ల టీచరు ఆ మూడింటినీ కలిపి, ‘ఇదిగో అబ్బోడా, మీ ఇంట్లో దీన్నేమంటారు?’ అని అడిగి పాఠం నడిపిస్తుంది. స్టూడియోలోని మనిషి ఎంత గొప్పవాడైనా ఆ మాట అడగలేడు.

పైగా పదో తరగతి తప్ప మిగతావాళ్లకు టీవీ పాఠాలు మొదలైంది జూన్ 10న. అంటే మామిడి సీజను మధ్యలో. సీజనులో మండీ చుట్టుపక్కల ఏదో ఒక పని దొరకనివాడుండడు. బడి లేని పద్నాలుగేళ్లవాడికి మరీ సులువుగా దొరుకుతుంది. కాయలు ఏరడం, క్రేట్లు ఎత్తడం, తోటకు కాపలా. లాక్‌డౌన్‌తో బెంగళూరు, చెన్నై పనులు పోయి ఇళ్లకు తిరిగొచ్చిన కుటుంబాలకు ఆ పనికొచ్చే నాలుగు వందలు చిన్న డబ్బు కాదు. పాఠం వేళకు సప్తగిరి పెట్టుకుని కూచోమని అలాంటి ఇంటికి చెప్పగలిగే ధైర్యం ఎవరికుంటుంది? పాఠం ప్రసారమైందా అంటే అయింది. చూసినవాళ్లెందరో లెక్క తీసిన నాథుడు లేడు.

ఇవన్నీ కొత్తగా తెలుసుకోవలసిన విషయాలు కావు. 1937లో పోలియో భయంతో షికాగోలో బడులు తెరవడం ఆలస్యమైతే మూడు నుంచి ఎనిమిది తరగతుల పిల్లలు సుమారు 3 లక్షల 15 వేలమందికి రేడియోలో పాఠాలు చెప్పారు. ఏ పాఠం ఎప్పుడో పత్రికల్లో వేశారు, సందేహాలకు ఫోను పెట్టారు. వెనకబడ్డ పిల్లలకు అది పట్టలేదని అప్పుడే గమనించారు. మనదేశంలో 1975 ఆగస్టు నుంచి ఏడాదిపాటు జరిగిన ‘సైట్’ ప్రయోగం సంగతి పెద్దవాళ్లకు గుర్తుండే ఉంటుంది. అమెరికా ఉపగ్రహం సాయంతో ఆరు రాష్ట్రాల్లో సుమారు 2,400 పల్లెలకు నేరుగా టీవీ కార్యక్రమాలు అందించారు. వాటిలో మన ఆంధ్రప్రదేశ్ పల్లెలూ ఉన్నాయి. పొద్దున పూట బడి పిల్లలకు, సాయంత్రం పెద్దలకు. అప్పటి ఏర్పాటులో ఒక గుట్టుంది. టీవీ పెట్టె బడిలో ఉండేది, పక్కన టీచరు ఉండేవాడు. తెర చూపించింది, టీచరు విప్పి చెప్పాడు. నలభై ఐదేళ్ల తర్వాత పెట్టె ఇంటింటికీ వచ్చింది, పక్కన మనిషి మాత్రం మాయమయ్యాడు.

టీచర్లను ఆడిపోసుకోవడం ఇక్కడ నా ఉద్దేశం కాదు. ‘జీతం తీసుకుని ఇంట్లో కూచున్నారు’ అన్న మాట ఆ రోజుల్లో ప్రతి రచ్చబండ మీదా వినపడింది. క్వారంటైన్ కేంద్రాల్లో, రేషన్ షాపుల దగ్గర డ్యూటీలు చేసిందీ వాళ్లే. 2020 మేలో మద్యం షాపులు తెరిచినప్పుడు విశాఖ జిల్లాలో క్యూలు సరిచేయమని టీచర్లను నిలబెట్టారన్న వార్త రాష్ట్రమంతా తిరిగింది. చదువు చెప్పమని పిల్లల దగ్గరకు పంపడానికి భయపడ్డ వ్యవస్థ వాళ్లను సారాయి క్యూ దగ్గరకు పంపడానికి భయపడలేదు. దీనిమీద ఎంత నవ్వుకున్నా తక్కువే. అయినా కొందరు తమంతట తాము బండ్లేసుకుని పల్లెలకు పోయి, చెట్టుకిందో గుడి అరుగు మీదో ఐదారుగురిని కూచోబెట్టి చెప్పారు. ఆ చదువు ఏ డాష్‌బోర్డులోనూ నమోదు కాలేదు.

ఇంటికి నిజంగా చేరినవి కొన్ని ఉన్నాయి. మధ్యాహ్న భోజనం బదులు బియ్యం, గుడ్లు, చిక్కీలు పంచారు. అక్టోబరు 8న ‘విద్యాకానుక’ కింద పుస్తకాలు, సంచి, బూట్లు, యూనిఫాం గుడ్డ ఇచ్చారు. ఒక పేజీలో తెలుగు, ఎదుటి పేజీలో ఇంగ్లీషు ఉన్న పుస్తకాలు ఆ ఏడాదే వచ్చాయి. ఇంగ్లీషు మీడియం మీద ప్రభుత్వ ఉత్తర్వును ఏప్రిల్‌లో హైకోర్టు కొట్టేసిన రభస మధ్య వాటిని రాజకీయంగానే చూశారు గానీ, బడి లేని కాలంలో ఇంట్లో చెప్పుకోవడానికి అంతకన్నా పనికొచ్చిన వస్తువు ఇంకోటి లేదు. ఏడో తరగతితో ఆపేసిన తల్లి కూడా తెలుగు పేజీ చదివి పిల్లకు చెప్పగలిగింది. కరెంటు అక్కర్లేదు, సిగ్నల్ అక్కర్లేదు, పొద్దునే నాన్న జేబులో వెళ్లిపోదు. పుస్తకాలు అక్టోబరులో కాక జూన్‌లో వచ్చి ఉంటే బాగుండేది.

ప్రైవేటు బడుల కథ టూకీగా చెప్పుకోవచ్చు. బడ్జెట్ స్కూళ్లు ఫీజుల కోసం ఆన్‌లైన్ నడిపాయి, తల్లిదండ్రులు పాఠాలు లేనప్పుడు ఫీజు ఎందుకన్నారు. చివరికి ప్రభుత్వం 2020-21కి ట్యూషన్ ఫీజులో 70 శాతమే తీసుకోమంది. నడుమ నలిగింది అక్కడి టీచర్లు. తెలంగాణ ప్రభుత్వం 2021 ఏప్రిల్‌లో వాళ్లకు నెలకు 2,000 రూపాయలు, 25 కిలోల బియ్యం ప్రకటించింది. మన దగ్గర ఆ పాటి దిక్కు కూడా లేకపోయింది. ఊళ్లో చిన్న ప్రైవేటు బడి మూతపడితే పిల్లలు సర్కారు బడికి వచ్చారు. 2018లో గ్రామీణ భారతంలో ప్రభుత్వ బడుల్లో ఉన్న పిల్లలు 64.3 శాతమైతే 2021 నాటికి 70.3 శాతమయ్యారని, పల్లె పిల్లల చదువును కొలిచే ‘అసర్’ సర్వే చెప్పింది.

ఇక నష్టం లెక్క. అసర్ 2020లో ఫోను ద్వారా చేసిన సర్వేలో, స్మార్ట్‌ఫోను ఉన్న గ్రామీణ కుటుంబాలు రెండేళ్లలో 36.5 శాతం నుంచి 61.8 శాతానికి పెరిగాయని తేలింది. అప్పులు చేసి కొన్నవాళ్లెందరో. ఫోన్లు పెరిగాయి గదా, చదువు? 2021 ఆగస్టులో ఆర్థికవేత్తలు జ్యాఁ ద్రేజ్, రీతికా ఖేరా తదితరులు 15 రాష్ట్రాలు, కేంద్రపాలిత ప్రాంతాల్లో పేదల వాడల్లో సుమారు 1,400 మంది పిల్లల్ని అడిగారు. పల్లెల్లో క్రమం తప్పకుండా ఆన్‌లైన్‌లో చదువుతున్నది 8 శాతం. అసలేమీ చదవనిది 37 శాతం. ఆ జాబితాలో తెలుగు రాష్ట్రాలు లేవుగానీ, మనకు అటూ ఇటూ ఉన్న తమిళనాడు, కర్ణాటక ఉన్నాయి. అజీం ప్రేమ్‌జీ విశ్వవిద్యాలయం ఐదు రాష్ట్రాల ప్రభుత్వ బడుల్లో 16 వేలమందికి పైగా పిల్లల్ని చూసి, 92 శాతం మంది అంతకుముందు ఏడాది వచ్చిన భాషా నైపుణ్యాల్లో కనీసం ఒకటి మరిచిపోయారంది. లెక్కల్లో అది 82 శాతం. కొత్తది నేర్చుకోకపోవడం సరే, వచ్చినదీ పోయింది.

తెలుగువాళ్లు కళ్లు తెరిచి చూడాల్సిన అంకె అసర్ 2022లో ఉంది. మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగేవాళ్లు ఆంధ్రప్రదేశ్‌లో 2018లో 22.6 శాతం, 2022లో 10.3 శాతం. తెలంగాణలో 18.1 నుంచి 5.2కి పడిపోయింది. దేశం మొత్తం మీద 27.3 నుంచి 20.5కి తగ్గింది. అంటే మన పతనం దేశపు సగటు కన్నా లోతు. ఇందులో రెండో సంగతీ ఉంది, దాన్ని దాచకూడదు. మహమ్మారికి ముందే నలుగురిలో ఒక్కడు కూడా చదవగలిగేవాడు కాదు. ఇంగ్లీషు మీడియానికి మారుతున్న కాలంలో పిల్లలు ఏ భాషలోనూ నిలదొక్కుకోలేదనే వాదనకు ఈ అంకె బలమిస్తుంది. కోవిడ్ ఒక్కదాని మీదికే నెట్టేస్తే సగం తప్పు కప్పిపుచ్చినట్టే.

నష్టం పూడిందా అన్న ప్రశ్నకు మంచి జవాబు సరిహద్దు అవతల దొరుకుతుంది. అభిజీత్ సింగ్, మౌరిసియో రొమెరో, కార్తీక్ మురళీధరన్ అనే ఆర్థికవేత్తలు తమిళనాడు పల్లెల్లో సుమారు 19 వేలమంది పిల్లల్ని పరీక్షించారు. 2021 డిసెంబరు నాటికి, 2019లో అదే ఊళ్లలో అదే వయసున్న పిల్లలతో పోలిస్తే చాలా వెనకబడి ఉన్నారు. లెక్కల్లో లోటు భాషలో లోటుకు రెట్టింపు. బడులు తెరిచిన ఆరు నెలల్లో మూడింట రెండొంతుల లోటు పూడిపోయింది. అందులో దాదాపు నాలుగోవంతు ‘ఇల్లం తేడి కల్వి’ వల్ల వచ్చిందని వాళ్ల లెక్క. 2021 అక్టోబరులో మొదలైన ఆ పథకం చాలా మామూలుది. ఊళ్లో చదువుకున్న వాలంటీరు, ఎక్కువగా ఆడవాళ్లే, సాయంత్రం పూట గంటా గంటన్నర సందులోని పిల్లల్ని కూచోబెట్టుకుని చెప్పేది. నెలకు వెయ్యి రూపాయలు ఇచ్చేవారు. అలాంటివాళ్లు సుమారు 2 లక్షలమంది. అంతకు ముందే కర్ణాటక ‘విద్యాగమ’ పేరుతో టీచర్లను వాడల్లోకి పంపింది గానీ, 2020 అక్టోబరులో టీచర్లకు, పిల్లలకు కోవిడ్ సోకడంతో ఆపేయాల్సి వచ్చింది. భయం నిజమే, దాన్ని కొట్టిపారేయలేం.

ఇప్పుడు మన వైపు చూద్దాం. 2020 నాటికి ఆంధ్రప్రదేశ్‌లో ప్రతి 50 ఇళ్లకు ఒక వాలంటీరు ఉన్నాడు. రెండున్నర లక్షలకు పైగా మనుషులు, నెలకు 5,000 రూపాయల గౌరవ వేతనం. చాలామంది ఇంటర్, డిగ్రీ చదివిన యువతే. ఒకటో తారీకు తెల్లారకముందే పింఛను పట్టుకుని తలుపు తట్టారు, జ్వరాల సర్వేకు ఇల్లిల్లూ తిరిగారు. ఏ ఇంట్లో ఎందరు పిల్లలో, ఏ తరగతో వాళ్లకు కంఠతా తెలుసు. ఆ వ్యవస్థ మంచిచెడ్డలు, దాని రాజకీయాలు వేరే చర్చ. నేననేది ఒక్కటే. ఇంటి ముందుకొచ్చే మనిషిని తమిళనాడు కొత్తగా వెతుక్కోవలసి వచ్చింది, మనకు అప్పటికే ఉన్నాడు. గుడ్లూ బియ్యమూ మోయించాం, ఫారాలు నింపించాం, సాయంత్రం గంటసేపు పదిమందికి ఎక్కాలు, వాచకం చెప్పించాలన్న ఆలోచన ఆ పెద్ద యంత్రంలో ఎక్కడా పథకంగా మారలేదు. నా దృష్టిలో ఈ మొత్తం కథలో ఆంధ్రప్రదేశ్ పోగొట్టుకున్న అతిపెద్ద అవకాశం ఇదే.

పక్కన మనిషి ఉంటే చదువు వస్తుందన్న ఈ పాఠం మనకు కొత్తదీ కాదు. అదే మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ కలిసి 2005 తర్వాత ఆంధ్రప్రదేశ్ పల్లె బడుల్లోనే ప్రయోగాలు చేశారు. 100 బడులకు అదనంగా ఒక్కొక్క కాంట్రాక్ట్ టీచరును ఇస్తే పిల్లల మార్కులు మెరుగయ్యాయి. పెద్ద డిగ్రీలు, పెద్ద జీతాలు లేని స్థానిక యువతీ యువకులే వాళ్లు. అంతకన్నా దగ్గర ఉదాహరణ మదనపల్లె పక్కనే ఉంది. రిషివ్యాలీ గ్రామీణ విద్యాకేంద్రం చుట్టుపక్కల పల్లెల్లో చిన్న బడులు నడుపుతూ, ఒకే గదిలో అన్ని తరగతుల పిల్లలూ ఎవరి వేగంతో వాళ్లు కార్డులతో నేర్చుకునే పద్ధతిని తయారుచేసింది. కార్డు తీసుకో, పని చెయ్యి, పక్కవాడికి చూపించు, నిచ్చెనలో తర్వాతి మెట్టుకు పో. తమిళనాడు సర్కారు దాన్ని తెచ్చుకుని తన ప్రాథమిక బడులన్నిట్లోకీ పంపింది. ఐదుగురు పిల్లలు, ఒక అక్క, ఒక పెట్టెడు కార్డులుంటే నడిచే చదువది. నోటెక్ అని పేరు పెట్టిన పిల్లలకు అచ్చంగా సరిపోయేది. పొరుగు రాష్ట్రం అరువు తెచ్చుకున్న సరుకు అప్పటి మన జిల్లాదేనని మనకు ఆ ఏడాదిన్నరలో గుర్తు రాలేదు.

పరీక్షల దగ్గరికొస్తే కొన్నాళ్లు నష్టం ఎవరికీ కనపడలేదు. 2020లో పదో తరగతి పరీక్షలు జూన్ 20న రద్దయ్యాయి, అందరూ పాస్. 2021లో జరిపితీరుతామని ప్రభుత్వం పట్టుబట్టింది. ఒక్క పిల్లవాడికేమైనా కోటి రూపాయల పరిహారం కట్టిస్తామని ఇంటర్ పరీక్షల కేసులో సుప్రీంకోర్టు గద్దించాక జూన్ 24న వెనక్కి తగ్గింది, మళ్లీ అందరూ పాస్. 2022లో పరీక్షలు జరిగితే పాసైంది 67.26 శాతం. 2019లో అది 94.88. రాష్ట్రమంతా గుండెలు బాదుకుంది. ఈ రెండు అంకెల్ని పక్కపక్కన పెట్టి ‘ఇదిగో ఆన్‌లైన్ చదువు ఫలితం’ అనడం తేలిక, నేను అనను. మధ్యలో ఇంటర్నల్ మార్కులు ఎత్తేశారు. ఆ ఏడాది ప్రశ్నపత్రాలు బయటకు పొక్కిన గొడవ చిత్తూరు జిల్లాలోనే పెద్దదై, గదుల్లో నిఘా బిగించారు. పాత 94లో ఎంత గాలి ఉందో 2022 బయటపెట్టింది, కోవిడ్ నష్టం దానికి తోడైంది. 2023లో 72.26, 2024లో 86.69, 2025లో 81.14. పెరిగిందనుకున్నది మళ్లీ తగ్గింది. 2025లో రాసినవాళ్లు బడులు మూసేనాటికి ఐదో తరగతి పిల్లలు.

బడులు తెరిచాక ప్రభుత్వం తీసుకున్న దారి మళ్లీ వస్తువుల దారే. 2020 జనవరిలో చిత్తూరులోనే మొదలైన ‘అమ్మఒడి’ కింద తల్లులకిచ్చే 15,000 రూపాయల బదులు కావాలంటే లాప్‌టాప్ ఇస్తామని 2021లో ప్రకటించారు, అది ముందుకు సాగలేదు. 2022 డిసెంబరు 21న ఎనిమిదో తరగతి పిల్లలకు, టీచర్లకు కలిపి 5 లక్షలకు పైగా ట్యాబ్‌లు, వాటిలో బైజూస్ పాఠాలు. తర్వాత తరగతి గదుల్లో పెద్ద తెరలు. బైజూస్ సంస్థ 2024 జూలైలో దివాలా ప్రక్రియలోకి వెళ్లింది. ట్యాబ్‌లు చెడ్డవని కాదు. ఎనిమిదోవాడి చేతిలో ట్యాబ్ పెట్టిన రాష్ట్రంలో మూడోవాడు వాచకం చదవలేకపోతున్నాడు, రెండోది అత్యవసరమని ఎవరికీ అనిపించలేదు. ట్యాబ్ పంచితే ఫొటో వస్తుంది. అక్షరాలు రానివాడి పక్కన ఆరు నెలలు కూచుంటే ఏ ఫొటోగ్రాఫరూ రాడు.

ఆ ఏడాదిన్నర వదిలిపోయినవాటిలో ఒకటి మాత్రం గట్టిగా నిలిచింది, ఫోను. అసర్ 2024లో పద్నాలుగు నుంచి పదహారేళ్ల గ్రామీణ పిల్లల ఇళ్లలో దాదాపు 90 శాతానికి స్మార్ట్‌ఫోను ఉంది. వాడడం 82 శాతం పిల్లలకు వచ్చు. సర్వేకు ముందు వారం దాన్ని చదువుకు వాడినవాళ్లు 57 శాతం, సోషల్ మీడియాకు వాడినవాళ్లు 76 శాతం. అదే సర్వేలో దేశం మొత్తం మీద మూడో తరగతి పిల్లల చదివే శక్తి 27.1 శాతానికి, అంటే కోవిడ్‌కు ముందున్న చోటికి తిరిగొచ్చింది. ప్రభుత్వ బడుల్లోనైతే 2018 కన్నా కాస్త పైకే వెళ్లింది. చిన్న తరగతుల్లో చదవడం, లెక్కలు చేయడం మీద దేశమంతా రెండు మూడేళ్లు గట్టిగా దృష్టి పెట్టిన ఫలితం అనుకోవాలి. పని చేస్తే పూడుతుందన్నమాట.

అయితే ఆ 27.1 శాతం పిల్లలు వేరు. 10.3 శాతమన్న అంకె వెనక ఉన్నవాళ్లు 2020-21లో ఒకటో తరగతిలో పేరు రాయించుకున్నవాళ్లు. బంగారుపాళ్యం మండలంలోనైనా ఇంకెక్కడైనా వాళ్లకు అక్షరాభ్యాసం వాట్సాప్‌లో జరిగింది. ఒకటో తరగతి గదిలో గడిపింది ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా, అదీ మాస్కు వెనక. ఇప్పుడు వాళ్లు హైస్కూలు మెట్లెక్కారు. ఎవరికి చదవడం వచ్చిందో ఎవరికి రాలేదో పేరుపేరునా ఒక్కసారి చూసి, రానివాళ్లను సాయంత్రం గంట పక్కన కూచోబెట్టుకోవడానికి ఇంకా వ్యవధి ఉంది. వాళ్లు పదో తరగతి పరీక్షకు కూచునేది 2030 మార్చిలో.